దుప్పటి సంగతి వేరు

చచ్చిపోయిన మనిషిని బతికిందని అచ్చువేసి ఊరూరా పంచారు. ఇందులో వాదానికి చోటు లేదు. గురుబారి నిరుడు దీపావళికి ముందు మంగళవారం పొద్దు పొడిచే వేళ డోలీలో చచ్చిపోయింది. ఆమెను పాతిపెట్టినవాడు మొగుడు సోంబరు. ఆమె జ్వరం నుంచి లేచిందని కేలండరు వేసింది మిషను జట్టు. పన్నెండు ఆకుల కేలండరులో పదకొండో ఆకు ఆమెది.

ఆ ఆకు తిరిగే రోజు కోసం సోంబరు జనవరి నుంచీ కాచుకున్నాడు.

నవంబరు ఒకటో తేదీ, బుధవారం. పొద్దున్నే వదిన అసిరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని చోడి అంబలి కలుపుతోంది. పొగ పట్టిన మట్టిగోడకు మేకు, మేకుకు కేలండరు. అక్టోబరు ఆకు ఇంకా అలాగే ఉంది.

"ఆకు తిప్పనేదేటి, వొదినా?"

"నువ్వే తిప్పు. నాకు సేతులు రావు."

లోపలికి వెళ్లి తిప్పాడు.

గురుబారి మంచం మీద కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర. ముక్కుకు మూడు ముక్కెరలు. చూపు కెమెరా మీద లేదు, పక్కకు ఎటో పోయింది. కింద ఎర్ర అక్షరాలు: 'జ్వరపు పడక నుండి లేచిన సహోదరి గురుబారి, వెదురుగుడ.' ఆ కింద ఇంకో వాక్యం ఉంది. సోంబరు ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివాడు. చదవలేక కాదు, ఆ వాక్యం మాత్రం చదవడు.

ఆమె ఎడమ భుజం పక్కన నాలుగు వేళ్లు కనిపిస్తున్నాయి. అవి సోంబరువి. "కాస్త లేపి కూర్చోబెట్టన్నా, పడుకుంటే ఫొటో బాగోదు" అన్నాడు ఆ రోజు మిషను డ్రైవరు రోనాల్డ్. సోంబరు వెనక చేరి వీపుకు అరచెయ్యి ఆనించి పట్టుకున్నాడు. వీపు పెనంలా కాలింది. అచ్చువేసేటప్పుడు అతన్ని కత్తిరించేశారు. వేళ్లు మిగిలిపోయాయి.

"పది నెల్లు నా నోరు కట్టీసినావు" అంది అసిరమ్మ, అంబలి గరిటె ఎత్తి. "పార్థనకెల్లినప్పుడల్లా గొంతుల ముల్లిరుక్కున్నట్టుంటాది. పాస్టరు అయ్యగారికి ఓ మాట సెప్పీనా? తప్పు పడినాదని దిద్దీసుకుంటారు."

"దిద్దుకుంటారనే సెప్పొద్దంతన్నాను."

"మరేటి సేత్తావు?"

"ఆదోరం కోతల పండగ కదా. విశాఖ నుంచి పెద్దోళ్లు వొత్తారు కదా. ఆల ముంగటే సెప్తాను."

అసిరమ్మ గరిటె కింద పెట్టింది. "గురుబారి బతికున్నన్నాళ్లూ రమ్మని పిలిచినాది. ఒక్క దినం గుడిల అడుగెట్టనోడివి, ఇప్పుడెడతావా?"

"ఇప్పుడెడతాను."

ఆమె అంబలి పోసి ఇచ్చింది. అతను గుమ్మంలోనే కూర్చుని తాగాడు. గోడ మీది గురుబారి అతని వైపు కూడా చూడటం లేదు.

నిరుడు జరిగింది ఇంతే. జట్టు ముగ్గురూ కొండెక్కి వచ్చారు. పాస్టరు దైవాధీనం, నర్సు దేవమణి, డ్రైవరు రోనాల్డ్. జీపు కింద గెడ్డవాగు ఒడ్డున ఉంది. దేవమణి థర్మామీటరు తీసి చూసి, "ఈ మనిషిని ఇవాళే ఆసుపత్రికి దించాలి అయ్యగారూ" అంది. దైవాధీనం గడియారం చూసుకున్నాడు. పై ఊళ్లో కూడిక ఉంది, జనం కాచుకుని ఉన్నారు. "సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు జీపులో తీసుకుపోదాం" అన్నాడు. ప్రార్థన చేశారు. నుదుటికి నూనె రాశారు. ఫొటో తీశారు. సోంబరు సాయంత్రం గెడ్డ ఒడ్డున కూర్చున్నాడు. చీకటి పడేదాకా కూర్చున్నాడు. జీపు అవతలి దారిన ఎప్పుడో దిగిపోయింది.

మూడో రోజున ఇంట్లో ఉన్న ఒక్క కంబళినీ కర్రకు కట్టి డోలీ చేశారు. సగం కొండ దిగేసరికి బరువు మారింది. మోసేవాడి భుజానికి అది తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కంబళితోనే పాతిపెట్టారు.

పద్దెనిమిది రోజుల తర్వాత జీపు మళ్లీ గెడ్డ దాకా వచ్చింది. దుప్పట్లు పంచారు. డిసెంబరు తుఫానుకు గెడ్డ మీద కల్వర్టు కొట్టుకుపోయాక జట్టు మరి కొండెక్కలేదు.

దుప్పటి సంగతి వేరు.

గురువారం సోంబరు కాఫీ పళ్లు పిప్పి తీస్తున్నాడు. ముందు రోజు కోసిన పళ్లు బుట్టలో ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. దోసిలితో చేతిమిషను గరాటాలో పోసి పిడి తిప్పితే గింజ ఒక పక్క, తొక్క ఒక పక్క పడుతుంది. తొక్క పులిసిన వాసనకు ఈగలు ముసురుతున్నాయి. పిడి తిప్పడంలో ఒక లెక్క ఉంది. బేగి తిప్పితే గింజ చితుకుతుంది. నెమ్మదిగా తిప్పితే తొక్క ఇరుక్కుంటుంది. గురుబారి పోస్తే అతను తిప్పేవాడు. ఇప్పుడు పోసి లేస్తాడు, తిప్పి కూర్చుంటాడు.

కింద నుంచి రొప్పుతూ ఎవరో వస్తున్నారు. రోనాల్డ్. గెడ్డ దాటడానికి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు, బూట్లు చేతిలో పట్టుకున్నాడు.

"వందనాలన్నా! ఈ కొండ ఎవరు పెట్టారన్నా ఇక్కడ? కొంచెం పక్కన పెట్టుకోవచ్చు కదా!"

"నీ జీపు దొర్లిపోకుండా అడ్డెట్టినారు" అన్నాడు సోంబరు.

రోనాల్డ్ పెద్దగా నవ్వి రాయి మీద కూలబడ్డాడు. మంచినీళ్లు అడిగాడు. సోంబరు సొరబుర్ర చూపించాడు. రోనాల్డ్ తాగి మూతి తుడుచుకున్నాడు.

"అక్క ఏదన్నా?"

సోంబరు పిడి ఆపాడు. మనిషి ముఖంలోకి చూశాడు. వేళాకోళం లేదు. వీడికి నిజంగానే తెలీదు. ఫొటో తీసినవాడికే తెలీదు.

"ఇక్కడ నేదు."

"మంచి మాటే కదన్నా. అప్పుడు లేవలేని మనిషి. చూడు మరి, ప్రభువు కార్యం!" రోనాల్డ్ లేచి దగ్గరికొచ్చాడు. "ఆదివారం కోతల పండగకి సంఘం పెద్దలొస్తున్నారు. కేలండరు చూశారట. పదకొండో ఆకులో సహోదరిని చూడాలి, సాక్ష్యం చెప్పించండి అన్నారట. అయ్యగారికి రెండు రోజుల నుంచి అదే ధ్యాస. నువ్వు తీసుకురావాలన్నా. ఎక్కువ చెప్పక్కర్లేదు, 'జ్వరమొచ్చింది, ప్రార్థన చేశారు, లేచాను' అంతే. మూడు మాటలు."

"మూడు మాటలేనా?"

"సిగ్గుపడితే నువ్వే చెప్పు. ఆవిడ నిలబడితే చాలు."

సోంబరు దోసిలి నిండా పళ్లు తీసి గరాటాలో పోశాడు.

"తీసుకొత్తాను" అన్నాడు.

"ఖాయమా?"

"నాను మాటిత్తే మాటే. సాయంత్రం వొత్తానని సెప్పి ఎగ్గొట్టే రకం కాదు."

ఆ మాట రోనాల్డ్‌కు తగల్లేదు. వాడు ప్యాంటు మడతలు సరిచేసుకుంటున్నాడు. పోతూ పోతూ తిరిగి చూసి, "చలి మొదలైందన్నా! మేమిచ్చిన దుప్పటి వెచ్చగా ఉందా?" అని అరిచాడు.

సోంబరు పిడి తిప్పాడు. గబగబా తిప్పాడు. బుట్టలో సగం గింజలు చితికిపోయాయి.

శుక్రవారం సంత. రాజ్మా చిక్కుళ్లు రెండు తట్టలు కావడిలో వేసుకుని దిగాడు. దారి పొడుగునా వలిసెలు పూశాయి. పట్నం వాళ్లు కార్లు ఆపి ఆ పచ్చటి పూలలో నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. ఒకామె అతన్ని పిలిచి, కావడితో పక్కన నిలబడమంది. అతను నిలబడలేదు. ఫొటోలంటే అతనికి ఒళ్లు మండుతుంది.

చిక్కుళ్లు షావుకారుకు పోసి వస్తుంటే, సంత చివర నీలం టార్పాలిన్ కింద దేవమణి కనిపించింది. ముక్కాలి పీట మీద కూర్చుని ఒక ముసలామె చేతికి బీపీ పట్టీ కడుతోంది. అరవై దాటిన మనిషి. సర్కారు కొలువులో ముప్పై ఏళ్లు ఈ కొండలే తిరిగి రిటైరైంది. మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఉంది.

"ఉప్పు తగ్గించమన్నాను, తగ్గించావా?" అంటోంది ముసలామెతో.

"తగ్గించినాను నర్సమ్మా. ఉప్పుసేప మాత్రం తింతన్నాను."

"అయితే ఇంకేం తగ్గించావే తల్లీ!"

సోంబరు పక్కగా తప్పుకు పోబోయాడు. ఆమె చూసేసింది.

"సోంబరూ! ఆగు. ఇలా రా."

ఆగాడు. దగ్గరికి వెళ్లలేదు. ఆమే కష్టం మీద లేచి వచ్చింది, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని.

"గురుబారి ఎలా ఉంది? మళ్లీ జ్వరమేం రాలేదు కదా?"

"రానేదు."

"ఆ రోజు నూట నాలుగుంది. ఎంత భయపడ్డానో నీకు తెలీదు. వాళ్లు జీపు అవతలి దారిన తిప్పేస్తుంటే, వెదురుగుడలో మనిషిని తీసుకెళ్తామన్నాం కదా అన్నాను. చీకటి పడింది, రేపు చూద్దాం అన్నారు అయ్యగారు. తర్వాత మోకాళ్లు పట్టేసి నెల రోజులు మంచం దిగలేదు. మందిరంలో అయ్యగారు లేచినవాళ్ల పేర్లు చదివినప్పుడు గురుబారి పేరు విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టింది." ఆమె నవ్వింది. "ఆదివారం వస్తుందట కదా. పట్టుకుని ఏడ్చేస్తానేమో, ఏమీ అనుకోవద్దని చెప్పు."

సోంబరు ఆమె ముఖం చూశాడు. ఏడాదిగా నిద్రపోయిన ముఖం. అతనికి ఏడాదిగా నిద్ర లేదు. అప్పటిదాకా మనసులో పాస్టరు ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఈమెను కూడా కలిపాడు. ఈ మనిషికి జ్వరం డిగ్రీ తెలుసు. తెలిసీ జీపులో కూర్చుని పోయింది.

"ఆదోరం సూద్దువు" అన్నాడు.

ఆమె చేతి సంచిలోంచి పొట్లం తీసి, "ఒళ్లు నొప్పులుంటే వేసుకోమను" అని అందించింది. అతను తీసుకోలేదు. కావడి బద్ద భుజం మార్చుకుని నడిచిపోయాడు.

శనివారం చూరు కింద నుంచి డోలీ కర్ర దించాడు. నిరుడు పెట్టింది పెట్టినట్టే ఉంది. నిలువెత్తు కన్నా పొడుగైన ముదురు వెదురు. నడుమ రెండు చోట్ల కంబళి ముడులు ఒరుసుకున్న గీతలు. ఒక కొసన అతని భుజం రాపిడికి నున్నబడిన చోటు. సాలెగూళ్లు దులిపాడు. తడిగుడ్డతో తుడిచాడు. కత్తి తీసి పైకి లేచిన పేళ్లు చెక్కాడు. ఎండలో గోడకు చేర్చి, ఎదురుగా కూర్చుని బీడీ ముట్టించాడు.

గురుబారిని తీసుకొస్తానన్నాడు. తీసుకెళ్తాడు.

మాటలు సిద్ధం చేసుకున్నాడు. నాలుగే వాక్యాలు. ఐదోది ఉంటే గొంతు మారుతుంది. గొంతు మారితే జాలిపడతారు. జాలి అతనికి అక్కర్లేదు. ఆ నాలుగింటినీ కాఫీ గింజలు ఆరబోస్తూ అన్నాడు, తిరగదోస్తూ అన్నాడు. చెప్పడం అయ్యాక పుస్తకం తియ్యమనాలి. దేవమణి ఆ రోజు ఒక పొడుగాటి పుస్తకంలో తేదీ వేసి, జ్వరమెంతో రాసి, గురుబారి వేలిముద్ర వేయించింది. కుటుంబ పెద్ద అన్న చోట అతని చేత సంతకం పెట్టించింది. "అక్షరాలు పంతులుగారిలా రాస్తావే" అంది కూడా. ఆ పుస్తకంలో తేదీలు అందరి ముందూ చదివిస్తే, ఇక పాస్టరుకు పారిపోవడానికి సందు ఉండదు. ఈ కొండ మీద మళ్లీ ప్రార్థన చెప్పలేడు. అదీ సోంబరుకు కావలసింది. అంతకు తక్కువ వద్దు.

ఆ రాత్రి మంచు బాగా పడింది. మడతపెట్టి ఉన్న దుప్పటి తీసి నెత్తి దాకా కప్పుకున్నాడు. నీలం గళ్లది. మందంగా ఉంటుంది.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. రోడ్డు పక్క రేకుల షెడ్డు. గుమ్మానికి అరటి చెట్లు, వేదిక ముందు చాప మీద జనం తెచ్చిన కోతల కానుకలు. గుమ్మడికాయలు, చోళ్లు, మిరియాల గుత్తులు, కాఫీ పళ్లు, కాళ్లు కట్టిన రెండు కోడిపుంజులు. పెద్దలు నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో నెరిసిన జుట్టు, లావుపాటి కళ్లజోడు ఉన్నాయన ముఖ్యుడని కూర్చున్న తీరే చెబుతోంది. దేవమణి ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఉంది. గుమ్మం వైపు మెడ తిప్పి తిప్పి చూస్తోంది.

సోంబరు కర్ర భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలో అసిరమ్మ చెయ్యి పట్టుకుంది.

"మరిదీ, ఆలోసించు. అనీసిన మాట మళ్లీ రాదు."

"అందుకే అంతన్నాను."

పాట అయింది. దైవాధీనం తెల్ల చొక్కా, మడత నలగని ప్యాంటు. మంచి గొంతు. "ఇప్పుడు సాక్ష్యాల సమయం. కేలండరులో మీరందరూ చూసిన మన సహోదరి గురుబారి... వచ్చిందా? సోంబరు సహోదరుడా, రండి, ముందుకు రండి!"

సోంబరు మగవాళ్ల మధ్య నుంచి ముందుకు నడిచాడు. కర్ర తగలకుండా జనం ఒంగి దారి ఇచ్చారు. వేదిక ముందు కర్ర దించి, కొస నేలకు ఆనించి నిలబెట్టి పట్టుకున్నాడు.

"నా పేరు సోంబరు. గురుబారి నా పెండ్లాం. ఫొటో తీసిన మూడో దినం ఈ కర్రకు కట్టి మోసుకెల్తంటే సచ్చిపోనాది. సచ్చిన మనిషిని లేచినాదని అచ్చేసినారు."

నాలుగూ అయ్యాయి. గొంతు మారలేదు.

మందిరంలో ఒక్క కోడిపుంజు రెక్కలు కొట్టుకున్న చప్పుడు. దేవమణి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆమె ముఖంలో ఏడాది నిద్ర కారిపోవడం సోంబరు చూశాడు. అది చాలలేదు. పాస్టరు వైపు తిరిగాడు. దైవాధీనం పెదవులు తెల్లబడ్డాయి.

"నిజమేనా?" అన్నాడు కళ్లజోడు పెద్దాయన.

వెనక నుంచి అసిరమ్మ గొంతు వచ్చింది. "నిజమే బాబూ. మట్టి నానూ ఎట్టినాను."

"పాస్టరుగారూ, ఏమిటిది?"

"నాకు... ఇదెలా జరిగిందో..." దైవాధీనం చేతిగుడ్డ తీశాడు. "పెద్దయ్యా, మా పుస్తకం ఉంది. మాది గట్టి పద్ధతి."

"తియ్యండి" అన్నాడు సోంబరు. "పుస్తకం తియ్యండి. తేదీలు గట్టిగా సదవండి. అందరూ ఇనాల."

పుస్తకం రాసేది దేవమణి కాబట్టి ఆమే లేచింది. సంచిలోంచి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని పేజీ వెతికింది. దొరికింది. చదివింది.

"అక్టోబరు పదహారు. వెదురుగుడ. గురుబారి. జ్వరం నూట నాలుగు. వెంటనే ఆసుపత్రికి పంపవలెను. వేలిముద్ర."

జనంలో గుసగుస లేచింది. సోంబరు కర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఇదే అతను పది నెలలు కాచుకున్న చప్పుడు.

"మరి లేచిందని ఎలా రాశారు?" అన్నాడు పెద్దాయన.

దైవాధీనం ఆ మాట అందుకున్నాడు. "అదే మనవి చేస్తున్నాను. మేం ఊరికే రాయం పెద్దయ్యా. రెండోసారి వెళ్లినప్పుడు రోగి తానే జీపు దగ్గరికి నడిచొచ్చి, తన పేరు మీదున్న దుప్పటి తీసుకుని సంతకం పెట్టాలి. సంతకం ఉంటేనే స్వస్థత అని రాస్తాం. మంచం దిగని మనిషి సంతకం పెట్టదు కదా! చూడండి దేవమణిగారూ, రెండో వరస చూడండి."

సోంబరు చెవుల్లో గెడ్డ హోరు వినిపించింది.

జీపు బానెట్ మీద పరిచిన పుస్తకం. చలిగాలి. రోనాల్డ్ చేతిలో నీలం గళ్ల దుప్పటి. 'ఇది అక్క పేరు మీదొచ్చిందన్నా, అక్క పేరు రాసెయ్, బేగి, ఇంకా మూడు ఊళ్లున్నాయి.' రోగుల పట్టీలో పేరున్నవాళ్లకే దుప్పటి. చచ్చిపోయిందంటే పేరు కొట్టేస్తారు. ఇంట్లో కప్పుకోవడానికి ఏమీ లేదు, ఉన్నది ఆమెతో మట్టిలోకి పోయింది. కలం తీసుకున్నాడు. రాశాడు. వంకర లేకుండా, పంతులుగారిలా.

దేవమణి రెండో వరస మీద వేలు పెట్టింది. వేలు ఆగిపోయింది.

పై వరసలో ఊదారంగు వేలిముద్ర. గురుబారికి అక్షరం రాదు. ఆ పక్కన, కుటుంబ పెద్ద చోట, 'సోంబరు'. కింది వరసలో, 'గురుబారి'. రెండూ ఒకే చెయ్యి. చదువుకున్నవాడు ఎవడు చూసినా చెబుతాడు.

ఆమె తల ఎత్తింది. కళ్లద్దాల మీదుగా సోంబరును చూసింది. అతనూ చూశాడు. ఆమెకు తెలిసింది. ఆమెకు తెలిసిందని అతనికి తెలిసింది. గోడ వార నిలబడ్డ రోనాల్డ్ తల వంచి తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఏముందమ్మా?" అన్నాడు పెద్దాయన. "సంతకం ఉందా?"

"ఉంది."

"ఎవరిది?"

కర్ర పట్టుకున్న చెయ్యి చెమటకు జారింది. రెండు మాటలు చాలు. 'నాను ఎట్టినాను.' ఒకే ఊపిరి. సోంబరు నోరు తెరవలేదు.

దేవమణి పుస్తకం మూసింది.

"నేను పెట్టాను" అంది. "ఆ నెల నాకు మోకాళ్లు పట్టేశాయి. జట్టుతో వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని టిక్కులు కొట్టాను. సంతకాలూ నేనే పెట్టాను. తప్పు నాది."

ఆడవాళ్ల వైపు ఎవరో అయ్యో అన్నారు. దైవాధీనం ఆమె వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. అతని పెదవులకు రంగు తిరిగొచ్చింది. పుస్తకం మళ్లీ తెరవమని అడగలేదు.

"నమ్మకమే ఆధారంగా నడిచే పని పెద్దయ్యా ఇది" అన్నాడు మెల్లగా. "ఒక్కొక్కసారి సొంతవాళ్లే..."

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్లు సేవ చేసినావిడ. ఏమనాలో తెలీడం లేదు. పుస్తకం, బీపీ మిషను ఇక్కడ పెట్టెయ్యండమ్మా. ఇక మీరు జట్టుతో తిరగనక్కర్లేదు." సోంబరు వైపు తిరిగాడు. "నాయనా, మమ్మల్ని క్షమించు. ఆ ఆకు ఇక ఏ ఇంట్లోనూ ఉండదు. రేపటి నుంచే తీయిస్తాం. రోనాల్డ్, నీదే ఆ పని."

దైవాధీనం కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. మంచి గొంతు. జనం అందుకున్నారు.

సోంబరు కర్ర భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

దేవమణి మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది. చేతిలో సంచి లేదు. చెప్పు పట్టీ పాదం దాకా ఒంగి పెట్టుకోవాలి, ఒంగలేకపోతోంది. అతను ఆమెను దాటి పోయాడు. పది అడుగులు వేసి, వెనక్కి వచ్చాడు.

"ఎందుకలా సెప్పినావు?"

ఆమె పట్టీ లాగి బిగించింది. పట్టీ పెట్టుకున్నాక తల ఎత్తింది.

"ఆ రోజు నేను జీపు దిగిపోవాల్సింది. దిగి, మీ ఇంటికి నడిచి రావాల్సింది. నూట నాలుగని నాకే తెలుసు, వాళ్లకు అంకె అర్థం కాదు. నువ్వు రాసిన దానికన్నా అది పెద్దది, సోంబరూ."

"నిన్ను రాయమని... సెప్పమని నానడగనేదు."

"అడగలేదు." ఆమె గోడ పట్టుకుని లేచింది. "చలి ముదురుతోంది. దుప్పటి ఇచ్చేద్దామని చూడకు. కప్పుకో."

అన్న తీరులో ఎత్తిపొడుపు లేదు. రోగికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. ఎత్తిపొడిచి ఉంటే అతనికి బాగుండేది. తిట్టి ఉంటే, కర్ర ఎత్తి ఉంటే, అతనికి దారి ఉండేది. ఆమె కుంటుతూ బస్సు ఆగే చోటు వైపు నడిచిపోయింది. అతను అక్కడే నిలబడి, పాట అయిపోయేదాకా పాస్టరు గొంతు విన్నాడు.

మంగళవారం రోనాల్డ్ కొండెక్కాడు. ఈసారి వేళాకోళం లేదు. మూడు ఇళ్లలోకి వెళ్లి పదకొండో ఆకు చింపి, మడిచి, సంచిలో వేసుకున్నాడు. సోంబరు గుమ్మం ముందు నుంచే పోయాడు. తల తిప్పలేదు. ఆ సంచిలో అప్పటికి ఇరవై ఊళ్ల గురుబారులు ఉన్నారు.

వాడు గెడ్డ దాటాక అసిరమ్మ వచ్చింది. సోంబరు టార్పాలిన్ మీద గింజలు తిరగదోస్తున్నాడు. అరికాళ్లతో వరసలు చీలుస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తున్నాడు.

"మరిదీ."

ఆగలేదు.

"నర్సమ్మ ఊరెల్లిపోతందట. సామాన్లు కట్టినాదట. సంతల ముసిలోళ్లు ఏడుత్తన్నారు, మందులెవులిత్తారని." టార్పాలిన్ అంచు దాకా వచ్చింది. "గురుబారికి అచ్చరం రాదు. ఆ సంగతి నర్సమ్మకి తెలుసు. నాకూ తెలుసు. ఆ దినం గెడ్డ కాడ నీ ఎనకే నిలబడ్డాను నాను. ఒక్క మాట అయ్యగారితో సెప్పీ. నేకపోతే నాను సెప్తాను."

సోంబరు నడక ఆగింది. కాళ్ల కింద గింజలు కరకరమన్నాయి.

"సెప్పు" అన్నాడు. "సెప్పినావంటే ఆ దైవాధీనం నిన్ను నమ్మడు. ఆడికి ఇప్పుడున్న కతే బాగున్నాది."

అసిరమ్మకు తెలుసు అది నిజమని. కొంగు విప్పింది. లోపల నుంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసింది.

"మా ఇంట్ల ఆకు ఎలకలు కొరికేసినాయని సెప్పినాను ఆడితో. ఇదొక్కటే మిగిలినాది. ఇంకెక్కడా దాని మొకం నేదు మనకి."

సోంబరు అందుకుని మడతలు విప్పాడు. మడత పడ్డ చోట ఎర్ర అక్షరాలు చెదిరాయి. గురుబారి పక్కకు చూస్తోంది. భుజం దగ్గర నాలుగు వేళ్లు. వీపుకు ఆనిన అరచెయ్యి ఫొటోలో కనిపించదు. దాని వేడి ఇప్పటికీ అతని చేతిలో ఉంది. వేళ్ల మీద బొటనవేలు పెట్టి మూశాడు. ఆమె తనంతట తానే కూర్చున్నట్టయింది. బొటనవేలు తీసేశాడు.

లోపలికి వెళ్లాడు. నీలం గళ్ల దుప్పటి మంచం మీద మడతపెట్టి ఉంది. పైమడత ఎత్తి కాయితం లోపల పెట్టాడు. మళ్లీ సరిగ్గా మడిచాడు, అంచుకు అంచు కలిపి.

బయటికొచ్చేసరికి అసిరమ్మ అక్కడే ఉంది, జవాబు కోసం చూస్తూ.

"వొదినా, ఈ మాట నా కాడ మరి ఎత్తకు. ఊర్ల ఎవులూ ఎత్తొద్దని సెప్పు. గురుబారి గురించి వొద్దు, నర్సమ్మ గురించి వొద్దు, ఆ దుప్పటి గురించి వొద్దు. ఎవులడిగినా నాను నోరిప్పను. సచ్చినదాకా ఇప్పను."

పాదాలు గింజల మీద పెట్టి, ఆపిన చోట నుంచే మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.